టోపీ మీద సగం పేరు

ఆ వయసులో నాకు తెలిసినదాని కంటే తెలుసనుకున్నదే ఎక్కువ. తొంభైల మధ్య మాట. మరాఠీ మీడియంలో పదో తరగతి పాసై, పద్మనగర్‌లో ఒక టీచరమ్మ దగ్గర రెండు నెలలు ఊలు అల్లిక నేర్చుకుని, ఇక లోకానికి నా అవసరం ఉందని తీర్మానించుకున్నాను. (బొంబాయి పక్కనున్న మా భివండీలో ఊలు టోపీ పెట్టుకోదగ్గ చలి ఏడాదికి పది రోజులుంటే గొప్ప. ఆ సంగతి టీచరమ్మా చెప్పలేదు, నేనూ అడగలేదు.)

బాపు, అంటే మా నాన్న, గైబీ నగర్‌లో ఒక కార్ఖానాలో సాంచెలు నడిపేవాడు. ఆ మగ్గాల చప్పుడుకు చెవులు సగం పోయాయి. పని చూసే ముకద్దం ఆయన్ని "ఏ బారా నంబర్" అనే పిలిచేవాడు. బారా అంటే పన్నెండు, ఆయన సాంచె నంబరు. ఒకరోజు అన్నం తింటూ బాపు, "పదిహేనేండ్లాయె బిడ్డా, గా మనిషికి నా పేరేందో తెల్వదు. సాంచెకు, నాకు ఫరకే లేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పేరు నెత్తి మీదే రాసి పెడితే ఎలా పిలవడో చూస్తాననుకున్నాను.

ఎర్ర ఊలు మీద తెల్ల అక్షరాలు. ముకద్దం చదవాలి కాబట్టి హిందీ అక్షరాలు. గళ్ల కాగితం మీద గడికో కుట్టు చొప్పున 'నర్సయ్య' అని లెక్క వేసుకున్నాను. ముందొక ముక్క, వెనకొక ముక్క అల్లి పక్కలు కలిపి కుట్టడం ఒక్కటే నాకు వచ్చు. పేరేమో ఒక ముక్కలో పట్టలేదు. అక్షరాలు చిన్నవి చేస్తే ముకద్దానికి కనిపించవు. అందుకని ముందు 'నర్స', వెనక 'య్య' వేశాను. (వెనక నుంచి వచ్చినవాళ్లకు వట్టి 'య్య' కనిపించేది. అదేమిటని ఎవరూ అడగలేదు.) మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె చూసి, "గింత ఎండల ఊలు టోపీ ఏందే? నెత్తి ఉడుకుతది" అంది. "నా బిడ్డ అల్లింది. ఉడకనీ తియ్" అని బాపు పెట్టుకుని పోయాడు.

వారం తిరిగేసరికి ఆయన నడకే మారింది. "పేరు పెట్టి పిలుస్తున్నరు బిడ్డా! ముకద్దం గూడ నర్స, నర్స అంటున్నడు, దోస్తుల లెక్క. అందరు నవ్వుకుంట మాట్లాడుతున్నరు." టోపీకి దూది అంటుకుని తెల్లగా అయ్యేది. దులిపి మళ్లీ పెట్టుకునేవాడు.

ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి నేనే వెళ్లాను. ముకద్దం నన్ను చూసి లోపలికి అరిచాడు. "ఏ నర్స్! తేరా డబ్బా ఆయా!" పక్క సాంచె అతను చెయ్యి చాపి, "నర్స్ బాయీ, ఏక్ సుయీ లగా దో, బుఖార్ హై" అన్నాడు, జ్వరంగా ఉంది సూది వెయ్యమని. అందరూ నవ్వారు. అప్పుడు అర్థమైంది. హిందీ చదివేవాళ్లు చివరి అకారాన్ని మింగేస్తారు. నా 'నర్స' వాళ్లకు ఆసుపత్రి నర్సు. మరాఠీకీ అదే లిపి. పదేళ్లు అందులోనే చదువుకుని, అల్లేటప్పుడు మాత్రం తెలుగులో పలికినట్టే చదువుకున్నాను. (మరాఠీ శుద్ధలేఖనంలో నాకు బడిలో మొదటి బహుమతి. స్టీలు గ్లాసు.) బాపుకు తెలుగు తప్ప చదవడం రాదు. ఆ చప్పుడులో, ఆ చెవులకు, అది తన పేరే. నన్ను చూసి టోపీ సర్దుకుని చెయ్యి ఊపాడు.

సాయంత్రం, "కుట్టు ఊడింది బాపు, ఇయ్యి, విప్పి మళ్ల అల్లుత" అన్నాను. "యాడ ఊడింది? మంచిగనే ఉన్నది." ఇంకోసారి అడిగితే, "గిది తీస్తే మళ్ల బారా నంబర్ అంటరు" అన్నాడు. నిజం చెప్పబోయి, టోపీకి అంటుకున్న దూది దులిపాను. అలా చాలాసార్లు. టోపీ మూడేళ్లకు చిరిగిపోయింది. పిలుపు చిరగలేదు.

బాపు పోయినప్పుడు ముకద్దం వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నిజంగానే కళ్లు తుడుచుకుంటూ, "నర్స్ బహుత్ అచ్ఛా ఆద్మీ థా" అన్నాడు. మొగుడి పేరు ఏనాడూ నోట పలకని అవ్వ తల ఎత్తింది. "నర్స్ ఏంది? నర్సయ్య" అంది. అతను నా వైపు తిరిగి, "నర్సయ్యా? పూరా నామ్ యే థా?" అని అడిగాడు. అవును, పూర్తి పేరు అదేనన్నాను. నర్సయ్యా, అని మెల్లగా ఇంకోసారి అనుకున్నాడు. తప్పు లేకుండా పలికాడు.

టోపీ అల్లిన అప్పటి ఆ పిల్ల మీద నాకు కోపం రావాలి. కొంత వస్తుంది కూడా. కానీ అక్టోబరు ఉక్కపోతలో ఒళ్లో ఊలు పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ, పెద్ద అక్షరాలతో రాస్తే మనుషులు చదువుతారని నమ్మిన ఆమె మొహం గుర్తొస్తే, ఏం చేయను, నవ్వే వస్తుంది.