కువైటు కారుకు కడప చక్రాలు

పోయిన నెలలో ఒకనాటి మధ్యాహ్నం, కాలిపోయిన బోరు మోటారు ఒకటి విప్పి ముందేసుకుని నేను కడపలోని నా రీవైండింగు షాపులో కూర్చుని ఉండగా, మా అక్క ఆటో దిగి చేతిలో ఫోనుతో నేరుగా లోపలికి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో వీధి చివరి అంగడికి కూడా పోనిది, అంత ఎండలో వచ్చిందంటే ఏదో కీడు జరిగిందనే అనుకున్నాను. కీడేమీ కాదు, ముఖం వెలిగిపోతూ ఉంది. వయసులో ఉండగా ఆరేళ్ళు కువైటులో ఒక ఇంట పనిచేసి ఆమె పెంచిన పిల్లవాడు, ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్న పెద్దమనిషి, మన వైపు నుంచి అక్కడికి పోయినవాళ్ళను ఒకరి తరువాత ఒకరిని అడిగి అడిగి, చివరికి ఆమె నంబరు సంపాదించి ఫోను చేశాడట.

“కారు సంగతి అడిగినాడురా. ఇంగా ఉండాదా, నడుస్తాండాదా అని. సెల్లులు వేస్తే నడుస్తాది నాయనా అని చెప్పినా. ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం మొగం కనపడే ఫోను చేస్తాడంట. నడిపి సూపిస్తానని మాటిచ్చినా” అంది అక్క, సంతోషంతో ఊపిరాడక.

నేను చేతిలోని రాగితీగ కింద పెట్టేశాను. ఎందుకంటే సెల్లులు వేసినా ఆ కారు నడవదు. దానికి రెండు చక్రాలు లేవు. నలభై ఏళ్ళుగా లేవు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఇంట్లో నేనొక్కణ్ణే.

మా వయసువాళ్ళకు ఆ రోజులు చెప్పనక్కరలేదు. బద్వేలుకు ఆమడ దూరంలో మా ఊరు. పెళ్ళయిన రెండేళ్ళకే మా బావ పోవడం, వరసగా వేరుసెనగ ఎండిపోవడం, నాన్నకు ఏం చేయాలో పాలుపోకపోవడం అన్నీ ఒకేసారి వచ్చి మీదపడితే, పక్క ఊరి ఆమె ఒకరు కువైటుకు పోతూ ఉంటే అక్క కూడా ఆమె వెంట పోయింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఉత్తరం రావడానికే నెల పట్టేది. ఎవరైనా సెలవుకు వస్తే వాళ్ళ చేతికి క్యాసెట్టు ఇచ్చి పంపేది అక్క, ఊరిలో టేపురికార్డరు ఉన్న ఒకే ఒక ఇంటి అరుగు మీద మేమంతా కూర్చుని ఆమె గొంతు వినేవాళ్ళం. ఆ క్యాసెట్లలో వెనకాల ఎప్పుడూ ఒక పసిపిల్లవాడి ఏడుపో నవ్వో వినిపిస్తూ ఉండేది. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ వింటే, నేను మాత్రం ఆ పిల్లవాడు నోరు మూసుకుంటే బాగుండును, అక్క మాట సరిగ్గా వినబడుతుంది కదా అనుకునేవాణ్ణి.

ఆరేళ్ళ తరువాత అక్క తిరిగి వచ్చినప్పుడు ఆమె పెట్టెలోంచి బయటికి వచ్చింది ఆ కారు. ఎర్రటిది, మూరెడు పొడవు, వెనక చక్రాలకు ముళ్ళలాంటి బుడిపెలున్న లావుపాటి నల్ల టైర్లు, ముందువాటికి గీతల సన్న టైర్లు, చేతిలో పట్టుకోవడానికి పొడుగాటి ఏరియల్ ఉన్న రిమోటు పెట్టె. తాడు లేకుండా, తోసే మనిషి లేకుండా, మా ఇంటి ముందు పరచిన నల్ల బండల మీద అది దానంతట అది మలుపు తిరిగితే ఊరు ఊరంతా మా వాకిట్లో నిలబడింది. నేను పెంచిన పిల్లోడే నీకిమ్మన్నాడు అని అక్క చెబితే, షేకుల బిడ్డ, ఒకటి పోతే పది కొనుక్కుంటాడులే అనుకుని నేను ఆ మాట అక్కడే మరిచిపోయాను.

బండల మీద నడిచినన్నాళ్ళు బాగానే నడిచింది. నాకు బుద్ధి పుట్టి ఒకనాడు దాన్ని బీట్లోకి తోలుకుపోయాను. మా వైపు బీడంటే పల్లేరుకాయల మయం, చెప్పులు లేని కాలు పెడితే తిరిగి ఇంటికి చేరదు. నాలుగు బారలు పోయేసరికి నాలుగు టైర్లకూ పల్లేరుకాయలు పట్టేశాయి. పీకి, వేలితో నొక్కి చూస్తే టైరు మెత్తగా లోపలికి పోయింది. అంతకుముందు ఎప్పుడైనా నొక్కి చూసి ఉంటే కదా, అది పుట్టుకతోనే మెత్తన అని తెలిసేది! పల్లేరుకాయ గుచ్చుకుంది, టైరు మెత్తబడింది, కాబట్టి గాలి పోయింది. సైకిలు ఎక్కిన ప్రతి మనిషికీ తెలిసిన లెక్క ఇది.

కారు చంకన పెట్టుకుని సైకిలు షాపు భాయి దగ్గరికి పరుగెత్తాను. ఆ చుట్టుపక్కల నాలుగు ఊర్లకు పంచరు వేసే పెద్దమనిషి, తొందరపాటు లేనివాడు. టైరును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చాలాసేపు చూశాడు. ఒక్క బుడగ కూడా రాకపోతే, గాలి ముందే మొత్తం పోయిందని తేల్చాడు. మరి గాలి కొట్టడానికి వాల్వు ఏది? ఫారిన్ వాళ్ళు లోపల ఎక్కడో దాచి ఉంటారని ఇద్దరం అరగంట వెతికాం. కనబడకపోయేసరికి ఆయనే కాల్చిన సూదితో రంధ్రం చేసి, సన్న వాల్వుట్యూబు దూర్చి, సొల్యూషను పూసి, ఆరబెట్టి, పంపు తగిలించాడు. రెండో పోటుకే టైరు ఢామ్మని చిరిగిపోయి, ప్లాస్టిక్కు చక్రం రెండు ముక్కలైంది. రెండో టైరుకు ఇంకా జాగ్రత్తగా చేశాడు. అదీ పోయింది.

“ఫారిన్ టైరు శానా నాజూకుగా ఉండాది బేటా, మన గాలికి తట్టుకోదు” అన్నాడు భాయి, నాకంటే ఎక్కువ దిగులుపడిపోయి. ఆ మహానుభావుడి మీద నాకు ఆనాడూ కోపం రాలేదు, ఈనాడూ లేదు. బొమ్మకారే కదా అని తీసిపారేయకుండా లారీ టైరుకిచ్చే మర్యాద దానికిచ్చాడు.

అక్కతో మాత్రం అబద్ధం ఆడాను. సెల్లులు అయిపోయాయి, అలాంటివి ఇక్కడ దొరకవు అని చెప్పి, కారును ట్రంకుపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను. మధ్యమధ్య దించి, రెండు చక్రాలే మిగిలిన కారుతో ఇంకేం చేయాలో తెలియక దాని మోటారు విప్పేవాణ్ణి, రాగితీగ చుట్లు లెక్కపెట్టేవాణ్ణి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఆ పిచ్చే నన్ను ఐటిఐకి, తరువాత ఈ షాపుకు తెచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా నా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ అగ్గిపెట్టెంత మోటారు పుణ్యాన అంటే అతిశయోక్తి కాదు.

సరే, ఇప్పుడు దాచి లాభం లేదు. షాపులోనే అక్కకు అంతా చెప్పేశాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “నలభై ఏండ్లు నన్ను పిచ్చిదాన్ని చేస్తివి గదరా. నేను వాడికి మాటిచ్చినా. ఇప్పుడు ఏం జేస్తావో చెయ్యి” అని లేచి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులు టైముంది నాకు.

ట్రంకుపెట్టె దించి చూస్తే మిగిలిన రెండు టైర్లూ అటక మీది వేడికి కరిగి, అడుగున పరచిన కాగితానికి తారులా అంటుకుపోయి ఉన్నాయి. మోటారు, వైర్లు నా చేతిలో పని, ఒక్క పూటలో తిరిగింది. చక్రాల దగ్గరే తల ప్రాణం తోకకొచ్చింది. మా అమ్మాయి ఫోనులో వెతికి ఒక జత తెప్పించింది. వాటి రంధ్రం ఆరు పలకలది, మన ఇరుసు గుండ్రటిది, అడ్డంగా చిన్న పిన్ను ఉన్నది. ఇంకో జత తెప్పిస్తే అవి బండికి ఒరుసుకుని కదలనే లేదు. కర్నూలులో పాత సామాన్ల అంగడి ఒకటి ఉందని ఎవరో అంటే, మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా బస్సులో ఒక పూటంతా పడి పోయాను. ఆదోని వైపు మనిషిలా ఉన్నాడు అంగడాయన, సూటుకేసు చక్రాలు, ముసలివాళ్ళ నడక బండి చక్రాలు అన్నీ నా ముందు కుప్పపోసి, కారును అటూ ఇటూ తిప్పి చూసి, “ఇట్లాటివి దుడ్లు ఇచ్చినా యాడా దొరకవప్పా. చేపిచ్చుకోవల్ల” అన్నాడు.

తిరుగు బస్సులో నా మీద నాకే నవ్వొచ్చింది. పగలంతా ఒకరికి ఏదో ఒకటి చేసిపెట్టి బతికే మనిషిని, కొనడానికి దొరకనిది చేయించుకోవచ్చన్న సంగతి ఇంకొకరు చెబితే తప్ప తోచలేదు.

మర్నాడు మా లేత్ ఆచారి దగ్గరికి పోయాను. బండల పాలిషు మిషన్లకు విడిభాగాలు తిప్పే ఆయన, పాతికేళ్ళుగా నా మోటార్ల షాఫ్టులన్నీ ఆయన చేతి మీదనే పోయాయి. నైలాను రాడ్డు కోసి నాలుగు చక్రాలు గంటలో తిప్పి ఇచ్చాడు. టైర్లకని లారీల కింద కుదుపు తట్టుకోవడానికి వేసే గుండ్రటి రబ్బరు బుష్షులు నాలుగు తెచ్చాను. లేత్ మీద బిగించి ఉలి ఆనిస్తే రబ్బరు తెగదు, వణికి పక్కకు జరిగి పీలికలుగా చిరుగుతుంది. రెండు బుష్షులు పాడయ్యాయి. ఆచారికి పట్టుదల వచ్చింది, తిండి కూడా సరిగా తినలేదని వాళ్ళావిడ నాకు ఫోను చేసి తిట్టింది. రెండో రోజు ఆయనకే తోచింది, రబ్బరును గడ్డకట్టిస్తే రాయిలా తెగుతుందని.

సందు చివర ఐస్‌క్రీం అంగడి పెట్టెలో, కుల్ఫీల అడుగున, కొత్త బుష్షులు ఒక పగలు ఒక రాత్రి పెట్టాం. “ఏందన్నా ఇది, కుల్ఫీలకు లారీ వాసన పడతాండాది” అని అంగడాయన గొణిగాడే గానీ కాదనలేదు. తీసినవాటిని తడి గోనెసంచిలో చుట్టుకుని, ఈ వయసులో నేను సందంతా పరుగెత్తాను, మన కడప ఎండలో అవి మళ్ళీ మెత్తబడకముందే ఆచారి ఉలి పెట్టాలి కదా. ఒక్కో పరుగుకు ఒక్కో టైరు. నాలుగోది అయ్యేసరికి శుక్రవారం తెల్లవారనే వారింది. బుడిపెలు లేవు, గీతలు మాత్రం ఆచారి గీశాడు. నాలుగూ ఒక్క తీరుగా ఉండవు, అయినా అంత అందమైన చక్రాలు నేను చూడలేదు. డబ్బులు ఇవ్వబోతే ఆచారి కళ్ళెర్రజేశాడు.

ఆ మధ్యాహ్నం అక్క ఇంటి బండల మీద కారు పెట్టాం. మా అమ్మాయి ఫోను పట్టుకుంది. తెరమీద నెరసిన గడ్డం, పెద్ద కళ్ళజోడు, ఆయన “అక్కా!” అన్నాడు. అప్పట్లో ఆ కువైటు ఇంటి వంటామె కూడా మన కడప మనిషేనట, ఆమె అక్కా అని పిలవడం విని ఆ పసివాడు అదే మా అక్క పేరనుకున్నాడట. అక్క రిమోటు మీట నొక్కింది. కారు మూలిగింది, కదిలింది, ఎడమవైపుకు లాక్కుంటూనే వాకిలి చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు.

తరువాత ఇద్దరూ అరబ్బీలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకచోట ఆయన నా వైపు చూపించి నవ్వుతూ ఏదో అన్నాడు, అక్క మాత్రం నవ్వలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏమన్నాడని ఒకటికి రెండుసార్లు అడిగితే అప్పుడు చెప్పింది.

“నా తమ్ముడు నా కోసం ఎదురుజూస్తాండాడు, అందుకే పోతాండా అని వాడికి చెప్పి వచ్చినా గదా. నీకు కారిస్తే నువ్వు దాంతో ఆడుకుంటా ఉంటావు, నన్ను మళ్ళీ వాడి దగ్గరికి పంపిస్తావు అనుకున్నాడంట. శానా రోజులు గేటుకాడ కూర్చున్నాడంట.”

ఆరేళ్ళ పిల్లవాడు నాతో ఒక బేరం పెట్టుకున్నాడు, ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. నేను కారునూ ఉంచుకున్నాను, అక్కనూ ఉంచుకున్నాను. ఏం చెప్పమంటావని అక్క అడిగితే, ఆయనకు నా దండాలు చెప్పమన్నాను.

ఇప్పుడు మా వైపు నుంచి కువైటుకు పోయిన ఆడబిడ్డలు పొద్దున్నే ఫోనులో కనబడి పిల్లలకు తల దువ్వడం కూడా నేర్పిస్తున్నారు, అక్కడ తాము పెంచిన పిల్లలను వదిలి వచ్చినా వాళ్ళకూ మర్నాడే కనబడుతున్నారు. ఆ రోజుల్లో పోయిన మనిషి పోయినట్టే, గేటు దగ్గర కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఎంత దూరాన్ని ఎంత చిన్నది చేసుకున్నామో, దానికి మాత్రం నేను ఈ కాలానికి ఎప్పుడూ చేతులెత్తి మొక్కుతాను. ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఫోను చేస్తాడు. అన్ని రోజులూ అక్క ఇంటికి పోయి ఒక పూట కూర్చుని వచ్చే నేను, ఆ పూట మాత్రం పోను. ఆ గంటసేపూ ఆమె ఆయన అక్క.