ప్రసాద్ గారి ‘ప్టార్మిగన్’

ఆంజనేయప్రసాద్ గారికి ఒక్కటే పిచ్చి. ఇంగ్లీషులో రాసిన ప్రతి అక్షరాన్నీ పలికి తీరాలి. ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఆయనకు కత్తి ‘క్నైఫ్’, మోకాలు ‘క్నీ’.

“మన తెలుగులో రాసి మింగేసే అక్షరం ఒక్కటుందా?” అని దబాయించేవారు.

అదే ఆఫీసులో పనిచేసే జయకృష్ణకు తల కొట్టేసినట్టుండేది. 2004 వేసవిలో స్కాట్లాండ్ కొండలకు ఆయన్నీ పిలుద్దామని భార్య నీలిమ అంటే గుండె గుభేలుమంది. అయినా కాదనలేదు, పాపం ఆమె బాధ ఆమెది. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఫోన్‌లో ‘వెడ్-నెస్-డే’ అంటే అవతలివాళ్లు పకపకా నవ్వారు. అప్పటినుంచి తెల్లవాళ్లెదుట నోరు విప్పదు. సోమవారమేమో డాక్టరు గారి క్లినిక్‌లో, అక్కడివాళ్ల మాటల్లో ‘సర్జరీ’లో, రిసెప్షనిస్టు ఇంటర్వ్యూ!

కొండ మీద గైడు రాళ్లగుట్ట చూపించాడు. అందులో ఒక రాయికి కళ్లున్నాయి. తీరా చూస్తే పక్షి! చలికాలంలో తెల్లగా మారిపోతుందట.

“దీని పేరు చదువుతారా?” అంటూ నీలిమకు బోర్డు చూపించాడు.

“ప్టార్మిగన్,” అంది, అక్షరం అక్షరం కూడబలుక్కుని. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“శభాష్! ప్టార్మిగన్!” కొండ అదిరేలా అరిచారు ప్రసాద్ గారు.

“అందులో ‘పి’ పలకదు సార్,” అన్నాడు గైడు.

“పలకనిది బోర్డెక్కి ఎందుకు కూర్చుంది? దించండి! పోనీ, పక్షినే అడుగుదాం. ఏమండీ ప్టార్మిగన్ గారూ!”

పక్షి కప్పలా బెకబెకమంది.

“చూశారా, పేరు పెట్టి పిలిస్తే పలికింది!”

గైడు కడుపు పట్టుకుని నవ్వాడు. ‘ఆయనంతే, ఏమీ అనుకోకండి’ అని ఇంగ్లీషులో సర్దిచెప్పబోయిన నీలిమ, తెలుగక్షరాల సంగతి నుంచి పక్షి తిండి దాకా కొండ దిగేవరకూ గైడుతో మాట్లాడుతూనే ఉంది.

కింద షాపులో జయకృష్ణకు మతిపోయింది. “ఒక టార్మిగన్ బొమ్మ ఇస్తారా?” అని ప్రసాద్ గారు దొరలా అడుగుతున్నారు.

“అయితే మీకు తెలుసా?”

“హుష్! జనం కొత్తవాళ్లని చూసి నవ్వేలోపు నన్ను చూసి నవ్వాలయ్యా. నీ మొదటి మీటింగ్‌లో ‘సటిల్’ని ‘సబ్‌టిల్’ అన్నావు, గుర్తుందా?”

గుర్తొచ్చింది. ఆ రోజు ప్రసాద్ గారు అంతకన్నా గట్టిగా ‘సబ్‌టిల్, సబ్‌టిల్’ అంటుంటే అందరూ ఆయన్ని చూసే నవ్వారు. జయకృష్ణ కూడా నవ్వాడు. వల్లమాలిన సిగ్గేసింది.

నెల తర్వాత ప్రసాద్ గారికి సర్జరీ నుంచి ఫోను. కొత్త రిసెప్షనిస్టు చక్కటి ఇంగ్లీషులో పేరూ పుట్టినతేదీ అడిగి, చివర్లో తెలుగులోకి దిగింది.

“మీ ‘క్నీ’ చూస్తారట బాబాయ్ గారూ. వెడ్-నెస్-డే రండి!”