పసుపుపచ్చ తూటా

పాతబస్తీలో లైసెన్సు తుపాకీల కొట్టులో రామ్‌చందర్‌ది ముప్పై ఎనిమిదేళ్ల కొలువు. కొత్తగా తుపాకీ కొన్నవాడెవడైనా పన్నెండు బోర్ కన్నా ఇరవై బోర్ పెద్దదనుకుంటే అతనికి మా చెడ్డ కోపం. "ఒక పౌను సీసం తీస్కో. పన్నెండు లడ్డూలు చుడితే పెద్దగ అయితయి, ఇరవై చుడితే చిన్నగ అయితయి. ఆ లడ్డూ ఎంత లావుంటే గొట్టం గంత. నంబర్ పెరిగితే గొట్టం సన్నమైతది, సమజైందా?" అని గద్దించేవాడు. పిట్టలకు పనికొచ్చే సన్నరవ్వల తూటా ఏదో, కాపలాకు పనికొచ్చే పెద్దగుండ్ల తూటా ఏదో అతన్ని అడగాల్సిందే.

ఆ రోజు పొద్దున్నే మైసయ్య వచ్చాడు. జల్‌పల్లి మనిషి. బంగారం కొట్టు దగ్గర కాపలా. సొంత పన్నెండు బోర్ తుపాకీ ఉంది కాబట్టే ఆ నౌకరీ. నుదుటి నిండా చెమట.

"అన్నా, డ్యూటీ ఎక్కేటప్పుడు ఒక తూటా వేసిన. లోపలికి జారింది, కనబడుతలేదు. వెయ్యలేదేమో అనుకొని ఇంకోటి పెట్టబోయిన. ఎందుకో అనుమానమొచ్చి వెలుగుకు పెట్టి చూస్తే గొట్టం చీకటిగున్నది."

రామ్‌చందర్ తుపాకీ అందుకున్నాడు. సన్నటి కర్ర గొట్టంలో పెట్టి మెల్లగా తోశాడు. ఇరవై బోర్ తూటా బయటపడింది. దాని వెనక పన్నెండు బోర్‌ది వేసి పేల్చి ఉంటే గొట్టం బద్దలై మైసయ్య చెయ్యి ఎగిరిపోయేది. ఆ పొరపాటు జరగకూడదనే ఇరవై బోర్ తూటాలన్నిటికీ పసుపు రంగు వేస్తారు.

లోపలి నుంచి యజమాని ఆనందరావు వచ్చి చూశాడు. మొహం మాడిపోయింది.

"మా రిజిస్టర్ల నీ పేర రాసిచ్చినవన్నీ పన్నెండువే. ఇది వేరే ఏడనో దొంగతనంగ కొన్నవ్. పోలీసులకు చెప్తే నీ లైసెన్సు పోతది, ఎరుకేనా?"

"దేవుని సాక్షి సేటూ, నేను ఏడ కొనలే!" అన్నాడు మైసయ్య.

రామ్‌చందర్ చేతిలోని తూటాను చూస్తూ నిలబడ్డాడు. అతనికది పసుపుగా లేదు, మట్టిరంగులో ఉంది. అన్నీ అలాగే ఉంటున్నాయి. షుగరు జబ్బు ముందు కళ్లను పట్టింది, తర్వాత వేలికొసలు మొద్దుబార్చింది. సన్నమో లావో తడిమి చెప్పగలనన్న పొగరుతోనే నెట్టుకొచ్చాడు. పోయినసారి పన్నెండువి, ఇరవైవి తెరిచి ఉన్న రెండు పెట్టెల్లోంచి మాటల్లో పడి మైసయ్యకు లెక్కపెట్టి ఇచ్చింది తనే. నోరు మూసుకుంటే కొలువు ఉంటుంది. మైసయ్యది పోతుంది. చెప్పకుండా ఉండాలనిపించింది కూడా. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"సేటూ, ఆయన్ని ఏమనకుండ్రి. నేనే ఇచ్చిన. రెండేండ్ల సంది నాకు రంగులు కనిపిస్తలేవు. మీకు చెప్పలే."

మైసయ్య తిట్టలేదు. నడుముకున్న తూటాల పట్టీ విప్పి బల్ల మీద పెట్టాడు.

"మిగిలినవి గూడ చూడాలె అన్నా. నువ్వు ముట్టకు. రంగుల సంగతి నాకు తెల్వదు, అడుగున నంబర్ ఉంటది గద, నేను చదువుతా."

రామ్‌చందర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒక్కొక్కటి తీసి మైసయ్య పైకి చదివాడు. పన్నెండు. పన్నెండు. పన్నెండు. ఎనిమిది దాకా అంతే. తొమ్మిదోది తీసి చాలాసేపు చూశాడు, చదవలేదు.

"చెప్పు," అన్నాడు రామ్‌చందర్.

"ఇరవై, అన్నా."