టిక్కుటిక్కుమనే తుపాకీతో వాకాడు సముద్రానికి

నేను మొదటిసారి వాకాడు సముద్రానికి వెళ్లింది అలలు చూడ్డానికి కాదు, ఒక తుపాకీ మంచిదో కాదో తేల్చడానికి. అరవైల మొదట్లో మాట. కావలిలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సాయంత్రాలు ఊళ్లోని రైఫిల్ క్లబ్బులో గురి నేర్చుకునేదాన్ని. కుచ్చిళ్లు దోపుకుని ఇసుక మూటల వెనక బోర్లా పడుకుంటే జనం వింతగా చూసేవాళ్లు. చూస్తే చూడనీ, నాకేం! క్లబ్బు రైఫిల్ ఒకటి కర్ర విరిగి మూలపడితే, ఊళ్లో తుపాకులు బాగుచేసే మస్తాన్ దానికి కొత్త కర్ర తొడిగి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించి తెచ్చాడు. వాళ్ల నాన్న పోయాక మరమ్మతు దుకాణాన్ని అతనే చూసుకుంటున్నాడు. ఈ తుపాకీ నెగ్గితే క్లబ్బులో మిగతావన్నీ అతని చేతికే వస్తాయి. నెగ్గకపోతే దుకాణం మూసేసి మద్రాసులో ఎవరి దగ్గరో పనికి చేరాల్సిందే. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

అది రెండు ముక్కలుగా విడదీసి సంచిలో పెట్టుకునే రకం. గొట్టం, గుండును లోపల బిగించే బోల్టు, గురి చూసే కమ్ములు అన్నీ పై ముక్కలో. ట్రిగ్గరు, కర్ర కింది ముక్కలో. పై ఇనుమును రిసీవరు అనేవాళ్లం. అది కింది ముక్కలో సరిగ్గా కూర్చోలేదు. చేత్తో పట్టుకుని ఊపితే టిక్కుటిక్కుమంటోంది. క్లబ్బు సెక్రటరీ తాసిల్దారుగా రిటైరైన పెద్దాయన. మేమంతా తాసిల్దారు గారనే పిలిచేవాళ్లం. ఆయన చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "గిలక్కాయ చేసినావా, తుపాకీ చేసినావా?" అని మస్తాన్‌ను నిలదీశారు. నాకు ఒళ్లు మండింది. "గొట్టమూ గురి కమ్ములూ ఒకే ముక్కలో ఉన్నాయి గదండీ, కింద కదిలితే గుండుకేం? కాగితం మీద కాల్చి చూడందే ఎట్లా చెప్తారు?" అన్నాను. ఆయనకూ పంతం వచ్చింది. "సరే పద, క్లబ్బులో పదిమంది ముందు వద్దు, వాకాడు సముద్రం దగ్గర కాల్చి చూద్దాం. అక్కడ నాకు తెలిసిన మనిషున్నాడు" అన్నారు.

ముగ్గురం కావలిలో పొద్దున పాసింజరు ఎక్కి గూడూరులో దిగాం. అక్కణ్నుంచి కోట మీదుగా వాకాడుకు బస్సు, టికెట్టు రూపాయి లోపే. లైసెన్సు కాగితం తాసిల్దారు గారి కోటు జేబులో, సంచి నా ఒళ్లో. డ్రైవరు వెనక్కి తిరిగి, "ఏందమ్మా అది, ఫిడేలా?" అన్నాడు. తుపాకీ అని చెప్పాను. "అట్నా! అయితే నా ఎనక సీట్లో కూచోమాకమ్మా, నాకు ఈపు దురద పెడతాది" అన్నాడు. బస్సంతా నవ్వింది. మస్తాన్ మాత్రం నవ్వలేదు. వాకాడులో ఎడ్లబండి మాట్లాడుకుని, సరుగుడు తోటల మధ్య ఇసుక బాటలో పల్లెకు చేరేసరికి పొద్దు వాలింది. ఇప్పుడు వెళ్లేవాళ్లకు బండి అవసరం లేదనుకోండి. కానీ ఆ తోటల్లో కాసేపు నడవండి, కాళ్లు ఇసుకలో దిగబడినా సరే.

మాకు బస ఇచ్చింది పోలయ్య. చేపల వేటకు వెళ్లే మనిషి, తాసిల్దారు గారికి పాత పరిచయం. పోలయ్య భార్య మాకు మట్టగిడసల పులుసు పెట్టింది. పుల్లమామిడి వేసి చేసిన ఆ పులుసుతో నేను ఎన్ని ముద్దలు తిన్నానో చెప్పను, సిగ్గేస్తుంది. పోలయ్య ఇంటి ముందు పడవ బోర్లించి ఉంది. పలకల సందుల్లో నూలు పోగులు కూరి, గుగ్గిలమూ నూనే మరిగించిన ముద్దతో మూస్తున్నాడు. తుపాకీ కథ విని ఆశ్చర్యపోయాడు. "మా పడవలో సందుంటే సముద్రం లోపలికొస్తాది. మీ దాంట్లో సందుంటే ఏమొస్తాదమ్మా?" అన్నాడు. "ఏమీ రాదు పోలయ్యా, చప్పుడొస్తుంది, అంతే" అన్నాను. అతను నమ్మలేదు. సందు కనిపిస్తే చెయ్యి ఊరుకోని మనిషి మరి. నేను అలల దగ్గర తిరిగొచ్చేసరికి మస్తాన్, పోలయ్య తుపాకీ మీద వంగి ఏదో గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ గమ్మునైపోయారు.

తెల్లారాక ఇసుక దిబ్బకు కాగితం ఆనించాం. తాసిల్దారు గారు తుపాకీ తీసుకుని ఊపారు. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా ఊపారు. ఊహూ! ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదిరా పనంటే! నేనడిగింది ఇదే గదా!" అని మస్తాన్ భుజం తట్టారు. నేను పడుకుని అయిదు గుండ్లు కాల్చాను. కాగితం దగ్గరికెళ్లి చూస్తే తల తిరిగింది. మొదటి రెండూ నడిమికి దగ్గరగా ఉన్నాయి, ఆపైన ఒక్కొక్కటీ ఎడమకు జరుగుతూ పోయింది. అంత ఘోరంగా నేనెప్పుడూ కాల్చలేదు. "అమ్మాయ్, నిన్నటి బస్సు కుదుపులకు నీ చెయ్యి వణుకుతున్నట్టుంది. తుపాకీ మాత్రం బంగారం" అన్నారు పెద్దాయన.

తుపాకీ తిప్పి చూశాను. గొట్టం కింద కర్ర గాడి పొడుగునా గుగ్గిలం ముద్ద! కదలిక ఆగాలని పడవకు కూరినట్టు కూరేశారు. గొట్టం వేడెక్కేకొద్దీ ఆ ముద్ద దాన్ని గురి గీత నుంచి ఓ పక్కకు వంచుతోంది. మస్తాన్ నా వంక చూశాడు, చూసి తల దించుకున్నాడు. నిజం చెప్పాలంటే నేను చాలా ఊగిసలాడాను. తప్పు నా చేతిదని ఒప్పుకుంటే అతని దుకాణం నిలబడుతుంది, పోయేది నా పరువే. కానీ పనికిరాని తుపాకీని మంచిదనడానికి నోరు రాలేదు. అలాగని అతని నోటి కాడ కూడు తీసేయడానికీ మనసొప్పలేదు.

నేను ఇంకా తేల్చుకోకముందే మస్తానే ముందుకొచ్చాడు. "మేడం చెయ్యి కాదు సార్. తప్పు నాది. చప్పుడుంటే మీరు తీసుకోరని భయపడి గుగ్గిలం పెట్టించినాను" అన్నాడు. 

పోలయ్య మూతి ముడుచుకున్నాడు.  మస్తాన్ అక్కడే ఇసుకలో గుడ్డ పరిచి, తుపాకీ విప్పి, ముద్దంతా గీకేసి మళ్లీ బిగించాడు. రెండు ముక్కల్నీ కలిపే మేకులు గట్టిగా ఉన్నాయా, బోల్టు పూర్తిగా పడుతోందా అని నేను చూసుకున్నాను. ఊపితే మళ్లీ టిక్కుటిక్కు. పడుకుని అయిదు కాల్చాను. ఈసారి తాసిల్దారు గారే కాగితం తేవడానికి వెళ్లారు. అయిదు చిల్లుల మీదా తన రూపాయి బిళ్ల పెట్టి చూశారు. అన్నీ దాని కిందే దాక్కున్నాయి. నాకు కేక పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

తిరుగుదారిలో పెద్దాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. మస్తాన్ బిక్కుబిక్కుమంటూ బస్సులో ఓ మూల ఒదిగాడు. ఆ తర్వాత నేను చాలా తుపాకులు పట్టాను. రిసీవరు కాస్త కదిలినా గొట్టమూ గురీ ఒకటిగా ఉంటే గుండు దారి తప్పదన్న నా నమ్మకం ఎన్నడూ వమ్ము కాలేదు. కదలిక ఎక్కడుందో తెలుసుకోకుండా భయపడటం, భయపడి దాన్ని మూసేయడం, ఇవే కొంప ముంచేవి. మీరూ అటు గురి సాధనకు వెళ్లేట్టయితే ఒకటి గుర్తుంచుకోండి. పొద్దెక్కాక సముద్రపు గాలి లేస్తుంది, అది లేవకముందే కాల్చడం ముగించండి. ఆ రోజు గూడూరు ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ఉండగా తాసిల్దారు గారు మస్తాన్‌ను దగ్గరికి పిలిచారు. అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మిగతా తుపాకులు ఆదివారం వచ్చి తీసుకెళ్లు. అబద్ధానికి నీ చేతులు పనికిరావు, పనికి మాత్రం పనికొస్తాయి" అన్నారు.  మస్తాన్ భుజం మీది తువ్వాలుతో ముఖం కప్పుకుని, అంతమంది జనంలో భోరున ఏడ్చాడు.