రామచంద్రం తిప్పి చూసిన బండి

రామచంద్రానికి ఏ వస్తువునైనా తిప్పి చూసే అలవాటు. మా ఇంట్లో టీ ఇస్తే తాగేసి, సాసరు బోర్లించి అడుగు చూసేవాడు. శుభలేఖ చేతికిస్తే పెళ్లికొడుకు పేరు తర్వాత, ముందు కార్డు వెనక వైపు చూడాలి. కూరగాయల బండి దగ్గర వంకాయను తిప్పినట్టు, బ్యాంకులో ఇచ్చిన ఫారాన్నీ తిప్పేవాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత కారణం తెలిసింది. పోచంపల్లి చీరకు నేయకముందే పోగులకు ముడులు కట్టి రంగులు ఎక్కిస్తారు. అందుకని ఆ చీరకు ముందూ వెనకా ఉండదు, పువ్వు ఇటు ఎంత చిక్కగా ఉంటుందో అటూ అంతే ఉంటుంది. అచ్చేసిన నకిలీ చీర అయితే తిప్పగానే వెలవెలబోతుంది. చిన్నప్పటినుంచీ ఆ తిప్పడమే నేర్చినవాడికి ప్రపంచమంతా చీరలాగే కనబడడంలో వింత లేదు.

నా పేరు పట్టాభి. మాది తెనాలి పక్క ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ పిల్లలకు లెక్కలు చెప్పి, కర్మన్‌ఘాట్‌లో ఇల్లు కట్టుకున్నాను. మా కింది వాటాలో రామచంద్రం, అతని భార్య వజ్రమ్మ కిరాయికి ఉండేవారు. మోకాళ్లు పోయి మగ్గం గుంటలో కూర్చోలేక నేత మానేశాడు రామచంద్రం. కొన్నాళ్లు ఎవరిదో జీపు నడిపి, చివరికి చీరలు మోసే పనికి దిగాడు. పోచంపల్లి చుట్టుపక్కల ఆరు ఇళ్ల మగ్గాల మీద దిగిన చీరలు మూటగట్టి బస్సులో తెచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణానికి వేసేవాడు. ఆ ఆరు ఇళ్లవాళ్లు అతని దగ్గర కాగితం ముక్క కూడా రాయించుకునేవారు కాదు. చీర చేతిలో పెట్టేవాళ్లు, అతను తలమీద పెట్టుకుని వచ్చేవాడు.

రెండువేల పదకొండులో సమ్మె మాట మొదలైంది. సెప్టెంబరులో బస్సులు నిలిచిపోతాయని పిల్లలతో సహా అందరికీ తెలుసు. రామచంద్రం తెలంగాణ కోసం మానవహారాల్లో నిలబడినవాడు, రోడ్డు మీద వంటావార్పు జరిగితే వజ్రమ్మే గరిటె పట్టేది. బస్సులు ఆగడం అతనికి బాధ కాదు. మూట ఎట్లా రావాలన్నదే బాధ. దుకాణం యజమాని తెగేసి చెప్పాడు, దసరాకు నలభై చీరలు అందకపోతే ఆ అరలో ప్రింటు చీరలు సర్దేస్తానని, ఒకసారి సర్దితే మళ్లీ తీయనని. అంటే ఆరు మగ్గాలకు ఆ గడప మూసుకున్నట్టే. అందుకని చిన్న పాత వ్యాను ఒకటి కొందామని బయలుదేరి, నన్ను తోడు రమ్మన్నాడు. నాకు అంతకుముందు ఒక డొక్కు కారు ఉండేది. దాన్ని నడిపిన దానికన్నా నెట్టిందే ఎక్కువ. ఆ నెట్టుడు వల్ల నేను బండ్ల విషయంలో పండితుణ్ణయ్యానని పాపం అతని నమ్మకం.

పాత బండ్ల వ్యాపారమంత రోత పుట్టించే వ్యవహారం నేను మరొకటి ఎరగను. మూసారాంబాగ్‌లో చూసిన మొదటి వ్యానులో నిన్నటిదాకా కోళ్లు తోలారు. ఆ సంగతి అమ్మేవాడు చెప్పలేదు, తలుపు తీయగానే ముక్కే చెప్పింది. సీటు కింద ఈకలు, రెట్ట, దానిమీద గులాబీ అత్తరు. ఎన్నిసార్లు కడిగావయ్యా అంటే, కడగలేదు సార్, పూజ చేయించాను అన్నాడు. పట్టు వాసనను పీల్చుకుంటుంది, మూడు రోజులైనా వదలదు. రామచంద్రం తలుపు మూశాడు.

ఎల్.బి.నగర్‌లో రెండోది బడి పిల్లలను తిప్పిన వ్యాను. సీట్ల నిండా ఎండిపోయిన వాంతి మరకలు, వెనక మాత్రం వంటింటి గ్యాస్ సిలిండరు ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. బండి దానిమీదే నడుస్తుందట, ఖర్చు కలిసొస్తుందట. ఇన్నాళ్లూ పిల్లలను దాని పక్కనే కూర్చోబెట్టావా అని అడిగాను. వాళ్లు చిన్నపిల్లలు సార్, స్థలం సరిపోయేది అన్నాడు. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేశాను. ఆ మాట మాత్రం వదల్లేదు.

మూడోది పెద్ద అంబర్‌పేట్‌లో. రామస్వామి అని ఒక కూరగాయల ఆసామిది మూడు చక్రాల ట్రాలీ ఆటో. ఆ రోజుల్లో మాకు తగిలిన ఒకే ఒక మనిషి అతను. క్లచ్చు బిగుసుకుంటుందని, ఎడమ అద్దం లేదని, కింద తుప్పు ఉందని మేము అడగకముందే చెప్పాడు. రామచంద్రం గోనెసంచి పరుచుకుని కిందికి దూరి చూశాడు. పైన పచ్చరంగు తళతళ, కింద ఎర్రగా తుప్పు. బయటికొచ్చి పెదవి విరిచాడు.

"ముందర మంచిగుంది, ఎనకకు మాసింది. అచ్చుబట్ట లెక్కనే ఉంది సారూ," అన్నాడు.

పట్టుచీరలు ట్రాలీలో ఏమిటని నేనూ మూతి ముడిచాను. పట్టిన తుప్పు అంతా పైకి చెప్పి అమ్ముతున్న వాణ్ణి వదిలేసి వచ్చామన్న సంగతి అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

ఇక మిగిలింది మురళీకృష్ణ. మా ఆవిడ ఇందిరాదేవికి పిన్ని కొడుకు, నాకు బావమరిది వరస. ఎల్.బి.నగర్‌లో పాత బండ్లు అమ్ముతాడు. విజయవాడ రిజిస్ట్రేషనున్న వ్యాన్లను ఆ రోజుల్లో ఇక్కడ ఎవరూ తాకడం లేదని చవకగా తెచ్చేవాడు. నంబరు పలకల మీద ఏపీ తీసి టీజీ అంటించుకుంటున్న కాలం అది. మావాడి సొరుగులో రెండు రకాల స్టిక్కర్లూ సిద్ధం. వచ్చినవాడి యాస వినగానే ఏది అంటించాలో తెలిసిపోయేది. ఇంట్లో ఉద్యమాన్ని తిట్టిన నోటితోనే రామచంద్రాన్ని చూడగానే జై తెలంగాణ అన్నాడు. అయినా బావగారూ అంటూ కుర్చీ తుడిచి వేస్తే కూర్చున్నాను.

తెల్లటి వ్యాను. లోపల శుభ్రంగా ఉంది, వాసన లేదు. ధర మాకు అందేటట్టే ఉంది. మిట్టమధ్యాహ్నం పన్నెండు, నెత్తిన ఎండ మాడుతోంది. రామచంద్రం తన గోనెసంచి పరుచుకుని వెల్లకిలా కిందికి జారాడు. చాలాసేపు చూశాడు. ఆ సందులోనే బోర్లా తిరిగి, మోచేతుల మీద పాక్కుంటూ ఇవతలికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పైన ఎట్లుందో కింద గూడ అట్లనే ఉంది సారూ. జర్రంత తుప్పు లేదు. అసలు మాల్," అన్నాడు.

అతను మురళీకృష్ణ వైపు తిరిగాడు. అప్పుడు అతని వీపు నా వైపు వచ్చింది. తెల్లచొక్కా మీద, రెండు భుజాల నడుమ, అరచేతంత మేర నల్లరంగు. తడి రంగు. బోర్లా తిరిగి పాకేటప్పుడు బండి అడుగు వీపుకు రాసుకుంది. ముందు భాగంలో ఆరిపోయినా, వెనక దట్టంగా పులిమిన చోట ఇంకా ఆరలేదన్నమాట. పదేళ్లనాటి బండికి నిన్నో మొన్నో అడుగున రంగెందుకు వేస్తారో తెలియడానికి పండితుడు కానక్కర్లేదు. ఆ రంగు కింద ఇనుము పుచ్చిపోయి ఉంటుంది.

నేను నోరు తెరిచాను. మురళీకృష్ణ నా కళ్లలోకి చూశాడు. వాడికీ వీపు కనబడుతోంది.

నేను నోరు మూసుకున్నాను. ఎందుకు మూసుకున్నానో ఇన్నేళ్లలో చాలా కారణాలు చెప్పుకున్నాను. ఎండ అన్నాను, తిరిగి తిరిగి విసిగాననుకున్నాను, మా ఆవిడ పుట్టింటితో తగాదా ఎందుకనుకున్నాను. అవేవీ కావు. ఆంధ్రోళ్లు మోసగాళ్లు అని రోజూ మైకుల్లో వింటున్న రోజులు. ఆ మాట విన్నప్పుడల్లా నా రక్తం ఉడికేది. మావాడి సరుకు పుచ్చు అని ఒక తెలంగాణ మనిషి ముందు నా నోటితో నేను చెప్పడమా అనిపించింది. మావాడి పరువు నిలిపాననుకున్నాను. ఆ పరువు కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది.

పైగా ఆ రామచంద్రం ఎలాంటివాడు? వారం ముందే మా వీధి టీ కొట్టు దగ్గర ఎవరో సెటిలర్లను కలిపి తిడుతుంటే, మా సారు అసుంటోడు కాదు, ఆయన ముందట అనకండి అని గట్టిగా చెప్పాడట. టీ కొట్టువాడే నాకు చెప్పాడు. బండి తోలుకుని ఇంటికి వచ్చాక చొక్కా మరక చూసి వజ్రమ్మ కిరసనాయిలు కోసం పైకి వచ్చింది. ఇందిరాదేవి సీసా ఇచ్చింది. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను.

బస్సులు ఆగిపోయాయి. మొదటి ట్రిప్పు బాగానే వచ్చింది. పదిహేను చీరలు దుకాణం చేరాయి. రామచంద్రం నాకు మిఠాయి పొట్లం ఇచ్చి, మీ పున్యాన గట్టెక్కిన అన్నాడు. ఆ మిఠాయి నేను తినలేకపోయాను అని రాస్తే బాగుంటుంది గాని, తిన్నాను.

రెండో ట్రిప్పు నాడు పొద్దుటినుంచీ వాన. విజయవాడ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట్ దాటేటప్పుడు చక్రం గుంతలో పడింది. వెనక బండి నేల ఊడిపోయింది. అన్నిటికన్నా అడుగున ఉన్న మూట ఆ కంతలోంచి కిందికి వేలాడి, రోడ్డు మీద బురదలో ఈడ్చుకుపోయింది. వానచప్పుడులో అతనికి వినబడలేదు. వెనక వచ్చే లారీవాడు హారన్ కొట్టి కొట్టి ఆపేదాకా తెలియలేదు. ఆ మూటలో ఉన్నవి ఆ ఆరు ఇళ్లలో ఒకటైన అండాలమ్మ ఇంటి చీరలు, మూడు. ముడులు కట్టింది ఆమె, నేసింది ఆమె మొగుడు. మూడు నెలలు ఇల్లంతా కూర్చుని చేసిన పని.

చీరలను మా పంపు దగ్గరే కడిగారు. బురద పోయింది గాని ఇంజను ఆయిలు పోలేదు. రామచంద్రం అలవాటు ప్రకారం చీరను తిప్పి చూశాడు. మరక అటూ ఇటూ ఒకే తీరుగా ఉంది. అతను ఆ చెంగును పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

నేను స్కూటరేసుకుని మురళీకృష్ణ దగ్గరికి పోయి నానా మాటలూ అన్నాను. వాడు తాపీగా విన్నాడు. కిందికి దూరి చూసుకున్నాకే కొన్నాడు కదా బావగారూ, ఇక నాదేముంది అన్నాడు. ఆ మాటన్నాక నా మొహంలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వును ఉమ్మేయాలనిపించింది. కాని ఉమ్మాల్సింది ముందు ఎక్కడో నాకు తెలుసు కాబట్టి స్కూటరెక్కి వచ్చేశాను.

ఆ బండిని రామచంద్రం ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశాడు. వజ్రమ్మ గాజులు అమ్మి, పెద్ద అంబర్‌పేట్ వెళ్లి రామస్వామి ట్రాలీ తెచ్చుకున్నాడు. ఈసారి నన్ను పిలవలేదు. మీద టార్పాలిన్ కట్టి, దసరాకు నాలుగు రోజుల ముందు మిగిలిన చీరలన్నీ దుకాణంలో దించాడు. అర నిలబడింది. అండాలమ్మ ఇంటికి పోయి, పాడైన చీరలు చూపించి, వాటిని తనే కొనుక్కుంటానని చెప్పాడట. ఆమె ఏడ్చిందట, ఏడుస్తూనే మగ్గం మీదున్న నాలుగో చీర కోసి ఇచ్చిందట. తుప్పుపట్టిన ఆ ట్రాలీ తొమ్మిదేళ్లు నడిచింది.

దసరా సాయంత్రం కింది వాటావాళ్లిద్దరూ ప్రతి ఏడూ లాగే జమ్మి ఆకు పట్టుకుని పైకి వచ్చారు. వస్తారని నేను అనుకోలేదు. రామచంద్రం జమ్మి నా చేతిలో పెట్టి కాళ్లకు వంగబోతే, వద్దని వీపు మీద చేయి వేసి లేపాను. నా చేయి సరిగ్గా ఆ మరక ఉండిన చోట పడింది, తీసేశాను. వజ్రమ్మ పాడైన ఆ అండాలమ్మ ఇంటి చీరల్లో ఒకటి కట్టుకుంది. కుచ్చిళ్ల మీద ఆయిలు మరక జానెడు మేర కనబడుతోంది. దాచుకునే ప్రయత్నం ఏమీ చేయలేదు.

ఆమె ఇందిరాదేవికి జమ్మి ఇచ్చి, నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు.

"సారూ, ఒక మాట అడుగుత. అంగి మీద రంగు నేను ఎంత రాకినా పోలే. ఆయన ఎనకకు ఆయనకు కనబడదు. మీరు ఎనకనే ఉన్నరు గదా. మీకు గూడ కనబడలేదా?"

ఇందిరాదేవి నన్ను చూసింది. జమ్మి ఆకు నా పిడికిట్లో నలిగిపోయింది.

"కనబడలేదమ్మా," అన్నాను.

రామచంద్రమే కలగజేసుకున్నాడు. నా మొహం చూడకుండా, భార్యతో అన్నాడు.

"సారుకు ఎట్ల కనబడతదే. అప్పటికి పొద్దుగూకి చీకటైంది గదా."

ఇద్దరూ మెట్లు దిగి వెళ్లిపోయారు. మేము ఆ బండి చూసింది మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు.