టేపక్క వేలు

ఆమెను మేమంతా టేపక్క అనేవాళ్ళం. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు, అన్నం తినేటప్పుడు కూడా తీసేది కాదు. మా బట్టల కంపెనీలో ఆమె పని ఒక్కటే. కొత్త డిజైన్లు తొడుక్కుని ఫోటోలకు, షోలకు నిలబడే మోడల్ అమ్మాయిలను పొద్దున్నే కొలిచి కార్డు మీద రాయడం. నేను పక్క బల్ల దగ్గర కాజాలు కుట్టేదాన్ని. పద్నాలుగేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం కాబట్టి ఆమె సంగతి నాకు తెలిసినంతగా ఆమె మొగుడికి కూడా తెలియదు.

మూడో అంతస్తులో పొడవాటి గది మాది. ఒక పక్క కిటికీలు, ఇంకో పక్క నిలువుటద్దం, మధ్యలో పసుపురంగు తెర. తెర వెనక అమ్మాయిలు ఊపిరి బిగబట్టి వరసగా నిలబడేవాళ్ళు. గోడ మీద చార్టులో నడుము ఇరవై నాలుగు అంగుళాలని ఉండేది. పావు అంగుళం ఎక్కువున్నా ఆ సీజన్‌కి ఇంటికి పొమ్మనేవాళ్ళు.

టేపక్కది వెన్నలాంటి మనసు. ఒకరోజు ఒక పిల్లకు ఇరవై నాలుగున్నర వచ్చింది. రెండు రోజులుగా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట, గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. టేపక్క మళ్ళీ కొలుస్తానని టేపు చుట్టి, రెండు కొసలూ కలిసేచోట తన చూపుడువేలు అడ్డం పెట్టింది. వేలి వెడల్పు అర అంగుళం. కొసలు కలవకుండా మిగిలిన సందు వేలి కింద దాగింది, టేపు అంతమేర తక్కువ పట్టింది. "ఇరవై నాలుగు" అని రాసేసి, నాకేసి చూసి కన్ను గీటింది. నేను నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను ఇవాళ్టికీ క్షమించుకోలేదు.

ఆ తర్వాత అందరికీ వేలు పెట్టడం మొదలెట్టింది. ఒకళ్ళకు పెట్టి ఇంకొకళ్ళకు పెట్టకపోతే పాపం కదే అనేది. మా ఇద్దరి బుర్రకూ తట్టనిది కటింగ్ మాస్టారి పద్ధతి. సీజన్ అయిపోగానే కార్డులన్నీ ముందేసుకుని, అందరికన్నా చిన్న అంకె ఉన్న కార్డు ప్రకారం తర్వాతి సీజన్ బట్టలు కత్తిరించేవాడు. సన్నటి పిల్ల మీద బట్ట అందంగా జారుతుందట. చార్టు మీద అంకె కూడా అదే అయ్యేది. నిజంగా ఇరవై నాలుగున్న పిల్లకూ వేలు పెట్టింది కాబట్టి, అలా ఇరవై మూడున్నర అయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఇరవై రెండు. ఎవరూ ఎవరికీ హుకుం జారీ చెయ్యలేదు. మధ్యలో జిప్పులు పడని గౌన్లు ఎన్నో. జిప్పు పడకపోతే తప్పు మాస్టారిది కాదు, గౌనుది కాదు, పిల్లది. తిండి తగ్గించమనేవాళ్ళు. మేం తలొంచుకుని పని చేసుకునేవాళ్ళం.

ఆ నాలుగో ఏడే టేపక్క తమ్ముడి కూతురు పనిలో చేరింది. చేర్పించింది టేపక్కే. చిన్నప్పుడు బుగ్గలు చూసి ఇంట్లో బొద్దు అని పిలుచుకున్నారు, పంతొమ్మిదేళ్ళు వచ్చి ఊచలా తయారైనా ఆ పిలుపు పోలేదు. ఆరు నెలలకే పిల్లకు జుట్టు కుచ్చులుగా ఊడింది, నెలసరి ఆగిపోయింది. టేపక్కే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంకొక్క కిలో తగ్గినా గుండెకు ప్రమాదమని డాక్టరు నిక్కచ్చిగా చెప్పింది. ఆ వారమే, బొద్దు కార్డు ప్రకారమే కత్తిరించిన గౌను వీపు దగ్గర అర అంగుళం దూరంలో ఆగిపోయింది.

"పది రోజులు టైమిస్తున్నా, తగ్గి రా" అన్నాడు మాస్టారు.

టేపక్క నేరుగా ఆయన బల్ల దగ్గరికి నడిచింది.

"మాస్టారూ, తప్పు నాదండీ. నాలుగేళ్ళుగా అర అంగుళం తక్కువ రాస్తున్నాను. ఆ చార్టు అబద్ధం. మార్చెయ్యండి."

ఆయన కత్తెర ఆపలేదు. "ఎవరు రాయమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

"నేను కార్డు చూసి కత్తిరిస్తా. ఓనరుగారు ఫోటో చూసి సరేనంటారు. షాపులవాళ్ళు అవే కావాలంటారు. అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలు కూడా ఇరవై రెండుకే చేయించారు. ఇప్పుడు ఎవరి దగ్గరికెళ్ళి మార్చమంటావమ్మా?"

"పిల్లలు చచ్చిపోతారండీ."

"బట్ట బాగా పడుతోంది. పోయి పని చూసుకో."

ఓనరుగారిని, షాపులవాళ్ళను అడిగినా అందరూ ఆ మాటే అన్నారు. తప్పు ఎవరి చేతిలో పెట్టబోయినా పక్కవాడి వైపు తోసేశారు. ఒళ్ళు మండిపోయింది నాకు. టేపక్కకు మాత్రం ఏమీ మండలేదు. "నాకేమీ తెలియడం లేదే, ఒళ్ళంతా మొద్దుబారినట్టుంది" అంది. వచ్చి కూర్చుని టీ తాగింది.

మర్నాటి నుంచి వేలు తీసేసింది. అందరికీ అసలు అంకె రాసింది. తెర వెనక గగ్గోలు. బొద్దుకు ఇరవై రెండున్నర వచ్చింది.

"అత్తా, లావెక్కానా?"

"లేదే తల్లీ, ఉన్నట్టే ఉన్నావు. ఇన్నాళ్ళూ నేనే దొంగకొలత కొలిచాను."

"నా మనసు కష్టపెట్టకూడదని చెప్తున్నావులే."

టేపక్క ఒట్టేసింది. నన్ను సాక్ష్యం పిలిచింది. నేనూ చెప్పాను. బొద్దు మా ఇద్దరినీ జాలిగా చూసింది. డాక్టరు మాట గుర్తుచేస్తే తల ఊపింది. టేపక్క తమ్ముడికి ఫోన్ చేసి పిల్లను ఇంట్లో ఉంచమంది. ఆయన ఒక పూట గది గడియ పెట్టాడు, పిల్ల కిటికీలోంచి దిగి పనికొచ్చింది. మధ్యాహ్నం టేపక్క ముద్ద కలిపి నోటిదాకా తీసుకెళ్తే, పెదాలు బిగించి నవ్వింది.

పదో రోజు గౌను పట్టింది. జిప్పు కింద నుంచి పైదాకా ఒక్క లాగుకు వచ్చేసింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు, తెర వెనక పిల్లలు కూడా కొట్టారు. పిల్ల వీపు మీద ఎముకలు గుడ్డ పైకి తేలాయి. గౌను అంచు మడిచి సూదులు గుచ్చడానికి టేపక్క ఆమె కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బొద్దు అద్దంలోంచి కిందికి చూసి, "అత్తా, ఇంకో అర అంగుళం తగ్గితే వచ్చే సీజన్‌కి కూడా నన్నే తీసుకుంటారు కదూ?" అని అడిగింది.

టేపక్క తల ఎత్తలేదు, మాట్లాడలేదు. "నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాను, అందుకే జవాబు చెప్పలేకపోయాను" అని తర్వాత నాతో అంది. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఆమె నోట్లో ఒక్క సూది కూడా లేదు.