గజేందర్ పాస్టర్ కత్తెర

పాస్టర్ గజేందర్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: కనబడ్డవాడికల్లా ఉచితంగా క్షవరం చేయడం. ఆయనకు రాని పని కూడా అదొక్కటే.

వారమంతా ఈ గల్ఫ్ దేశంలో ముఐథర్ అనే చోట డ్రైవర్ డ్యూటీ. సెలవు రోజు శుక్రవారం చర్చిలో ప్రార్థన ముగించుకుని, సంచిలో కత్తెర, దువ్వెన, అద్దం వేసుకుని మెసయీద్‌లో మా కూలీల క్యాంపుకు దిగేవాడు. హిందువా, ముస్లిమా, నేపాలీయా అని చూడడు. నెత్తిన వెంట్రుకలుంటే చాలు. బట్టతలవాళ్ళను కూడా ఉత్తచేతులతో పంపేవాడు కాదు.

ఆయన వ్యాను గేటు దగ్గర కనబడగానే క్యాంపంతా ఎక్కడివాళ్ళక్కడ మాయం. సెలవు రోజున హెల్మెట్లు పెట్టుకుని మంచాలెక్కేవాళ్ళం. నా రూమ్మేట్ జహాంగీర్ ఒకసారి బాత్రూంలో దాక్కుంటే, పాస్టర్ తలుపు బయట స్టూలేసుకుని తాపీగా కూర్చున్నాడు. చివరికి ఓడింది జహాంగీరే. ఆ సాయంత్రమే వీడియో కాల్‌లో పెళ్ళిచూపులు. అబ్బాయికి ఈమధ్య ఏమన్నా జబ్బు చేసిందా అని అమ్మాయి తరఫువాళ్ళు అడిగారట.

పని కాగానే అద్దం పట్టి ఎలా ఉందని అడగడం పాస్టర్ అలవాటు. తిట్టినవాళ్ళున్నారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. మెచ్చుకున్నవాడు మాత్రం అంతవరకూ లేడు.

ఒక శుక్రవారం లస్మయ్య చిక్కాడు. జగిత్యాల వైపు మనిషి, ఎత్తుల మీద పరంజా కట్టే పని. కొన్నాళ్ళుగా పిలిచినా పలకడం లేదు, మేం చెయ్యెత్తినా చూడనట్టే పోతున్నాడు. పొగరెక్కిందనుకున్నాం. పాస్టర్ అతని తలకు ఒక పక్క మెట్లు, ఇంకో పక్క గుంట తీసి, అద్దం పట్టాడు.

"శాన మంచిగున్నది అయ్యగారు" అన్నాడు లస్మయ్య.

మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. పాస్టర్ నవ్వలేదు. కత్తెర కింద పెట్టి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"కండ్లు ఎప్పటిసంది కనబడ్తలేవు, లస్మయ్యా?"

లస్మయ్య రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. చూపు మసకబారి చాలా రోజులైందట. తెలిస్తే ఇంటికి పంపేస్తారని, కూతురు మాలతి నర్సింగ్ చదువు ఆగిపోతుందని, తడుముకుంటూనే పరంజా ఎక్కుతున్నాడట.

మర్నాటి నుంచి పాస్టర్ డ్యూటీ దిగగానే వచ్చి మా ఫోర్‌మన్ వెంటపడ్డాడు. లస్మయ్యను పైనుంచి దింపి స్టోర్‌లో వేసేదాకా వదల్లేదు. ఒప్పుకోకపోతే క్షవరం చేస్తానన్నాడని మా అనుమానం. తన వ్యానులోనే ఆసుపత్రికి తిప్పాడు. శుక్లాలని తేలింది, ఆపరేషన్లు అయ్యాయి. ఆ సందులో లస్మయ్యకు ఇంకో కటింగ్ కూడా అయింది.

కట్లు విప్పి క్యాంపుకు తీసుకొచ్చిన రోజు లస్మయ్య మా అందరి ముఖాలూ ఒక్కొక్కటే తనివితీరా చూశాడు. తర్వాత అద్దం అడిగి తీసుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయ్యగారు, గా మసకే మంచిగుండె గదా" అన్నాడు.

అందరికంటే పెద్దగా నవ్వింది పాస్టరే.

ఆ తర్వాతి శుక్రవారం నా వంతు వచ్చినప్పుడు అడిగేశాను, రాని పని ఎందుకు చేస్తారని.

"మంచిగున్నవా అని అడుగు మారుతీ, మంచిగున్న అనుకుంట పోతరు. నెత్తి నా చేతుల వెట్టినోడు సగం కటింగ్‌తోని లేచి పోలేడు. కూసుంటడు, మెల్లగ మాట్లాడ్తడు" అన్నాడాయన.

అంత మంచి మాట విని నిజమేనని తలూపాను. ఊపకుండా ఉండాల్సింది. కత్తెర అప్పుడు ఎడమ చెవి పైన ఉంది.